నాలుగంగుళాలు తక్కువైన దూలం

పోయిన వారం టేపమ్మ పాతింట్లో దూలాన్ని నేల మీద వదిలేసి వచ్చాం కదా, అది ఇంకా అక్కడే ఉంది. నడిమి గోడ తీసేశారు. పైనున్న చిన్న గది బరువంతా ఆరు ఆసరా కర్రలు మోస్తున్నాయి. గోడ స్థానంలో పెట్టాల్సిన దూలం బండి మీద రానే వచ్చింది, ఎత్తి చూస్తే నాలుగంగుళాలు తక్కువ! రెండు వైపులా గోడల్లోకి ఆరేసి అంగుళాలు వెళ్ళి కూర్చోవాల్సింది, నాలుగేసి అంగుళాలే కూర్చుంటోంది. పాత సున్నం గోడ, అంచు పట్టుకుంటే పొడి రాలుతోంది. అంచు మీద బరువు పెట్టనంటే పెట్టనని మేస్త్రి భీష్మించుకున్నాడు. అప్పుడు టేపమ్మ మెళ్ళో టేపు తీసి అందరి ముందూ దూలాన్ని కొలిచింది. నూట యాభై ఆరు అంగుళాలు వచ్చింది. దూలం కోసే వడ్రంగికి ఆమె చీటీలో రాసిచ్చింది నూట అరవై. ఇంకేముంది, తప్పు వడ్రంగిదని తేలిపోయింది. ఆమె భర్త పోస్టాఫీసులో గుమాస్తా, ఎన్నడూ గొంతు పెంచని మనిషి. అలాంటివాడు ఆ రోజు, చూపు ఆనకపోతే పని ఒప్పుకోకూడదని వడ్రంగి పెద్దాయన మొహం మీదే అనేశాడు. పెద్దాయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అది జరిగి ఆరు రోజులైంది. వానలు ఇంకో పది రోజుల్లో వస్తాయంటున్నారు.

టేపమ్మ అసలు పేరు ఆమెకే మరుపున పడి చాలా కాలమైంది. దర్జీపని మొదలుపెట్టినప్పటి నుంచీ మెళ్ళో టేపు తీసి ఎరగదు కాబట్టి వీధి వీధంతా టేపమ్మ అనే పిలుస్తుంది. ఆ టేపు పెళ్ళైన కొత్తలో భర్త కొనిచ్చింది. అంకెలు సగం చెరిగిపోయినా మార్చలేదు. ఆలోచనలో పడితే టేపు రెండు చివరలూ రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగుతూ ఉండడం ఆమెకి అలవాటు. ఈ ఇల్లు కొనాలనుకున్న నాటి నుంచీ ఎంత ఆలోచించిందో చెప్పాలంటే, ఆ టేపుని ఎంత లాగిందో చెబితే చాలు.

అసలు ఈ ఇల్లు కొనడం ఆమె పట్టుదలే. మూడో అంతస్తు అద్దె వాటాలో మోకాళ్ళ నొప్పులతో అత్తగారు ఏడాదిగా కిందికి దిగలేదు. కింద ఇల్లుండాలి, ముందు గదిలో కుట్టు మిషను ఉండాలి, కిటికీ పక్కన అత్తగారు కూర్చోవాలి. ఈ మూడు మాటలూ చెప్పి చెప్పి, భర్త చెవిలో ఇల్లు కట్టుకుని పోరి ఒప్పించింది. స్థలం నలభై అడుగుల వెడల్పని దస్తావేజులో ఉంటే, ఒక వైపు వీధి నుంచి మరో వైపు గోడ చివరిదాకా తన టేపుతోనే కొలిచి, సరిగ్గా నలభయ్యేనని, అంగుళం కూడా అటూ ఇటూ లేదని గర్వంగా చెప్పింది కూడా ఆమే. కొని, ముందు గదిలో కాపురం పెట్టాక లోపాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. కొత్త రంగు వెనక చెమ్మ, ఎటు పోతుందో తెలియని నీళ్ళ గొట్టం, చెదలు పట్టిన మెట్లు. ప్రతి దానికీ భర్త తల పట్టుకున్నాడు. పక్కన గోదాము ఆయన ఆ స్థలం తనకి అమ్మేయమని రెండుసార్లు కబురు పంపాడు. దూలం పొట్టిగా వచ్చిన సాయంత్రం భర్త ఒక్క మాట చెప్పాడు. ఈసారి తప్పు బయటివాడిది కాబట్టి ఊరుకుంటున్నాననీ, ఇకమీదట మనవల్ల ఒక్క తప్పు జరిగినా గోదాము ఆయనకి అమ్మేసి మళ్ళీ అద్దెకి పోదామనీ. ఆమె సరేనంది. తనవల్ల తప్పు జరుగుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు మరి.

ఆరో రోజు పదకొండు గంటలకి మేస్త్రి కొత్త దూలం కోసం కొలత తీసుకోవడానికి వచ్చాడు. అతను నలభై ఏళ్ళ వాడు, నోరు ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు. జేబులోంచి ఇనప టేపు లాగి, ఒక చివర ఈ గోడ గూట్లో ఆనించి, ఇంకో చివర ఆ గోడ గూట్లోకి తోసి, నూట అరవై నాలుగు అన్నాడు.

నూట అరవై అని టేపమ్మ దిద్దింది.

మేస్త్రి మళ్ళీ కొలిచాడు. నూట అరవై నాలుగే. టేపమ్మ మెళ్ళో టేపు తీసి, గోడ మీద గుర్తులు పెట్టుకుంటూ మూడుసార్లుగా కొలిచింది. నూట అరవయ్యే. ఇద్దరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మేస్త్రి తన టేపు నేల మీద పరిచి, ఆమె టేపు కూడా పక్కనే పరవమన్నాడు. సిమెంటు దుమ్ములో రెండింటినీ ఒక చివర కలిపి, సాఫీగా సర్ది, ఇద్దరూ మోకాళ్ళ మీద పాక్కుంటూ రెండో చివరకి వెళ్ళారు. ఆమె టేపు అరవై దగ్గర అయిపోయింది. ఇనప టేపు మీద ఆ చోట అరవై ఒకటిన్నర ఉంది.

టేపమ్మ గుండె గుభేలుమంది. మేస్త్రి లేచి వెళ్ళి నేల మీద పడున్న దూలాన్ని ఇనప టేపుతో కొలిచాడు. నూట అరవై, వెంట్రుకవాసి తేడా లేదు. చీటీలో ఎంత రాసిచ్చారో అంతే కోశాడు పెద్దాయన.

మేస్త్రి నవ్వు ఆపుకోలేకపోయాడు. ఇన్నేళ్ళు ఈ టేపుతో ఇంతమందికి బట్టలు ఎలా కుట్టారక్కా, ఒక్కళ్ళు కూడా వచ్చి పోట్లాడలేదా అని అడిగాడు. టేపమ్మకి ఆ క్షణంలో నవ్వు రాలేదు కానీ, సమాధానం మాత్రం వెంటనే తట్టింది. మనిషిని కొలిచిందీ ఈ టేపుతోనే, గుడ్డని కొలిచిందీ ఈ టేపుతోనే. అక్కడెంత తేడా ఉందో ఇక్కడా అంతే తేడా, రెండూ సరిపోతాయి. ఈ ఇంటి కొలత తనదై, కోసే చెయ్యి ఇంకొకరిదైనప్పుడే పట్టుబడింది.

మేస్త్రి మంచివాడే. నవ్వడం ఆపి, గొంతు తగ్గించి, ఈ సంగతి తన కడుపులోనే పెట్టుకుంటానన్నాడు. గుమాస్తాగారికి తెలియక్కర్లేదట. వేరే చోట కొత్త దూలం చెప్పేస్తాడట. పెద్దాయన గురించి బెంగ పెట్టుకోవద్దట, ఆయన ఎలాగూ పని మానేస్తున్నాడట.

"మానేస్తున్నాడా? ఎందుకు?" అంది టేపమ్మ.

"కళ్ళు పోయాయంటున్నాడక్కా. రంపాలూ ఉలులూ అన్నీ అల్లుడికి ఇచ్చేస్తున్నాడు. ఇవాళే తీసుకెళ్తాడట."

టేపమ్మ దూలం మీద కూలబడింది. సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది. ఆ రోజు అందరి ముందూ టేపు చాపి, నూట యాభై ఆరు అని గట్టిగా చదివింది తనే. ఆ ముసలాయన ఆ అంకె వంక అలా చూస్తూ నిలబడ్డాడు. ఆయన తన దగ్గరున్న టేపు తీసి కొలవొచ్చు కదా? తీయలేదు. ఎందుకు తీయలేదో ఇప్పటికీ అర్థం కాలేదు. ఊరుకుంటే ఇల్లు నిలుస్తుంది. చెబితే ఆయన పేరు నిలుస్తుంది. అలవాటు కొద్దీ టేపు చివరలు పట్టుకోబోయి, అది నేల మీద ఉందని గుర్తొచ్చి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ముందు గదిలోంచి అత్తగారి గొంతు వినపడింది. ఆ గదికి ఇంకా తలుపు లేదు, పాత దుప్పటి కట్టారంతే. దుప్పటి వెనక కిటికీ పక్కన కూర్చుని ఆవిడ వీధినీ వింటుంది, ఇంటినీ వింటుంది.

"అమ్మాయ్, వెళ్ళేటప్పుడు ఆ మెళ్ళోది కూడా పట్టుకెళ్ళు," అంది ఆవిడ.

ఎక్కడికి వెళ్తున్నావని అడగలేదు. టేపమ్మ రెండు టేపులూ చుట్టి సంచిలో వేసుకుని బయల్దేరింది. తన టేపు తిరిగి ఇవ్వమని మేస్త్రి వీధి చివరిదాకా వెంటపడ్డాడు. సాయంత్రం ఇస్తానంది.

వడ్రంగి పెద్దాయన షెడ్డు రెండు వీధుల అవతల, రేకుల కింద. టేపమ్మ వెళ్ళేసరికి ఆయన అల్లుడు ఉలులకి పాత గుడ్డలు చుట్టి గోనెసంచిలో సర్దుతున్నాడు. పెద్దాయన గడప మీద కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద ఆమె కుట్టిన చొక్కాయే. ఆయన ముందు నేల మీద చెక్క ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి, అన్నీ అడుగేసి పొడుగు.

ఆమెని చూసి లేవబోయాడు. టేపమ్మ వద్దని, తనూ గడప మీదే కూర్చుంది. ఆ ముక్కలేమిటని అడిగింది. చెప్పాల్సిన మాట గొంతులో అడ్డం పడితే మనిషి ఏదో ఒకటి అడుగుతుంది కదా.

"నలభై ముక్కలు కోశానమ్మా," అన్నాడు పెద్దాయన. "తప్పు ఎక్కడొస్తోందో చూద్దామని. అన్నీ సరిగ్గానే వచ్చాయి. ఒక్కటైనా తప్పొస్తే, ఇదిగో ఇక్కడ చూపు జారుతోందని జాగ్రత్త పడేవాణ్ణి. దొరకలేదు. అందుకే భయమేసింది. తప్పు చేస్తున్నాననీ తెలీకుండా, ఎలా చేస్తున్నానో తెలీకుండా, రేపు ఎవరి ఇంటికైనా దూలం కోస్తే?"

టేపమ్మ ఇంక ఆగలేకపోయింది. సంచిలోంచి రెండు టేపులూ తీసి, ఆయన ముక్కల పక్కనే పరిచింది. ఒక చివర తను తొక్కిపట్టి, రెండో చివర చూడమంది. అల్లుడు సంచి వదిలేసి వచ్చి చూశాడు. పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. వేలితో గుడ్డ టేపు అంచు నిమిరాడు. మళ్ళీ మొదటి చివరకి వచ్చి, ఆమె కాలు తీయమని, తనే సర్ది, మళ్ళీ చూశాడు.

"దూలం నూట అరవయ్యే ఉంది. ఇందాక ఇనప టేపుతో కొలిచాం. మీరు తప్పు కోయలేదు పెద్దాయనా. నేనే తప్పు రాశాను," అంది టేపమ్మ. ఆ మాట అంటుంటే కళ్ళనీళ్ళు తిరిగాయి.

పెద్దాయన సంతోషిస్తాడని అనుకుంది ఆమె. ఆయన మొహం ఎర్రబడింది.

"ఆరు రోజులమ్మా," అన్నాడు. "ఆరు రోజులు అన్నం ముందు కూర్చుని కూడా కంచం అంచు సరిగ్గా కనిపిస్తోందా లేదా అని చూసుకున్నాను."

"ఆ రోజు మీ టేపు తీసి కొలిచి ఉంటే..."

"ఎందుకు తీస్తాను? ఈ చొక్కా చూడండి. పద్దెనిమిదేళ్ళ నుంచి మీరే కుడుతున్నారు. ఒక్కసారి భుజం జారిందా, ఒక్కసారి చెయ్యి పొట్టైందా? మీ టేపు నూట యాభై ఆరంటే నూట యాభై ఆరే అనుకున్నాను. అసలు నేను కొలతకి స్వయంగా రాకుండా చీటీ మీద కోయడం కూడా అందుకే. ఎవరి చీటీ మీదా కోయను నేను. మీదని కోశాను."

టేపమ్మకి తల కొట్టేసినట్టయింది. తిట్టినా బావుండేది. అల్లుడు మాత్రం ఇదేమీ పట్టనట్టు, గోనెసంచి తిరగేసి ఉలులన్నీ మళ్ళీ బల్ల మీద పెట్టడం మొదలుపెట్టాడు. వాడి మొహంలో బరువు దించుకున్న హాయి కనపడింది. వాడికి కరెంటు పని తప్ప ఇంకోటి రాదు పాపం, ఆ రంపాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు రోజులుగా దిగులు పడుతున్నాడట.

కాసేపటికి పెద్దాయన శాంతించాడు. వస్తానన్నాడు. కొత్త దూలం తనే కోస్తానన్నాడు, తన దగ్గర ఎండిన కర్ర ఉందట. పొట్టి దూలం కూడా వృథా పోదట, ముందు గది వాకిలి మీద పెట్టొచ్చట. అయితే ఒక్కటి కావాలన్నాడు. ఏ గదిలో నిలబెట్టి ఆ మాట అన్నారో, ఆ గదిలోనే, అన్న మనిషి ముందే, తప్పు ఎవరిదో చెప్పాలి.

టేపమ్మకి భర్త పెట్టిన షరతు గుర్తొచ్చింది. కిటికీ పక్కన అత్తగారు గుర్తొచ్చింది.

"చెప్తాను," అంది.

సాయంత్రం భర్త పోస్టాఫీసు నుంచి వచ్చేసరికి నడిమి గదిలో ఆసరా కర్రల మధ్య అందరూ ఉన్నారు. వడ్రంగి పెద్దాయన రెండు సన్నటి బద్దలు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రి ఇసక గుట్ట వెనక ఏదో వెతుకుతున్నట్టు నటిస్తున్నాడు. భర్త వేళ్ళకి ముద్ర సిరా ఇంకా అంటుకునే ఉంది. ఆయన పెద్దాయన్ని చూసి, భార్యని చూసి, చేతి సంచి మెల్లిగా కింద పెట్టాడు.

టేపమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మూడు వాక్యాలు పట్టింది. టేపు సాగింది, కొలత తప్పింది, పెద్దాయన తప్పేమీ లేదు. చెప్పి, టేపు ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పెళ్ళైన కొత్తలో తను కొన్న టేపు అది. బహుశా చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి చేత్తో పట్టుకున్నాడు.

ఆయన తిన్నగా పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు.

"ఆ రోజు నేనన్నది తప్పు. క్షమించండి."

"ఆ రోజు మేస్త్రి కూడా విన్నాడు," అన్నాడు పెద్దాయన.

మేస్త్రి ఇసక గుట్ట వెనక నుంచి లేచి వచ్చి బుద్ధిగా నిలబడ్డాడు. భర్త ఆ మాటే మళ్ళీ అన్నాడు, ఇంకాస్త గట్టిగా. దుప్పటి వెనక నుంచి అత్తగారు కూడా వింది, ఆవిడ దగ్గు బట్టి తెలిసింది.

పెద్దాయన తలూపి పనిలోకి దిగాడు. రెండు బద్దల్నీ పక్కపక్కన పట్టుకుని, ఒకదాన్ని ఈ గూట్లోకి, ఇంకోదాన్ని ఆ గూట్లోకి జరిపి, చివరలు గట్టిగా తగిలాక, రెండూ కలిసే చోట రెండు మేకులు కొట్టాడు. ఇప్పుడది ఒకే బద్ద, ఖాళీకి సరిగ్గా సరిపోయే బద్ద. ఎంతొచ్చిందని మేస్త్రి ఇనప టేపు తీయబోయాడు.

"ఎంతో నాకెందుకయ్యా? ఇంత," అన్నాడు పెద్దాయన బద్దని చూపించి. "దీని పక్కన దూలం పెట్టి కోస్తాను. ఇంకే అంకే వద్దు."

ఎల్లుండికి దూలం వస్తుందన్నాడు. ఆ మాట చెప్పి, టీ తాగడానికి ముందు గదిలోకి కూడా వెళ్ళాడు. ఎంత కోపమున్నా మనిషి మెత్తనే. టేపమ్మ భర్త పక్కకి వచ్చి నిలబడింది. అడగకుండా ఉండలేకపోయింది.

"మరి మీరన్నారుగా, మనవల్ల ఒక్క తప్పు జరిగినా ఇల్లు అమ్మేద్దామని..."

"ఇకమీదట అన్నాను," అన్నాడు ఆయన. "ఇది అంతకు ముందుది. అదే తప్పు, ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ ఇంట్లో ఉంది, ఇవాళ మనింటికి వచ్చింది. అంతే."

టేపమ్మకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆరు రోజుల్లో మొదటిసారి ఆ ఇల్లు తనదనిపించింది. ఆసరా కర్రల మధ్య నుంచి ముందు గది కిటికీ, దానిలోంచి వీధిలో వెళ్ళే సైకిళ్ళూ కనపడుతున్నాయి. అక్కడ పెద్దాయనకి అత్తగారు తన మోకాళ్ళ సంగతి మొదట్నుంచీ చెబుతోంది.

భర్త టేపు ఇంకా వదల్లేదు. సాగిన అంగుళం ఎంతో, అసలు అంగుళం ఎంతో చూస్తున్నట్టు వేళ్ళ మధ్య జరుపుకుంటూ, తనలో తనే లెక్క వేసుకుంటున్నాడు. అరవైకి ఒకటిన్నర. నూట ఇరవైకి మూడు. ఉన్నట్టుండి ఆయన వేళ్ళు ఆగిపోయాయి.

"స్థలం కొలిచిన రోజు," అన్నాడు మెల్లిగా, "ఇదేనా నీ మెళ్ళో ఉన్నది?"

ఆమె తలూపింది. తలూపుతుండగానే ఆమెకీ అర్థమైంది. ఈ టేపుతో నలభై అడుగులంటే నిజానికి నలభై ఒకటి. దస్తావేజులో ఉన్నది నలభయ్యే. ఒక వైపు వీధి, వీధి ఎటూ జరగదు. ఆ ఎక్కువైన అడుగు రెండో వైపే ఉండాలి, గోదాము ఆయన స్థలంలో. ఇద్దరూ ఒకేసారి ఆ వైపు గోడ వంక చూశారు. ఎల్లుండి దూలం రెండో చివర కూర్చోబోయేది ఆ గోడ గూట్లోనే.

"మేస్త్రీ, ఆ గోడ మందం ఎంత?" అన్నాడు భర్త.

"అడుగు సార్," అన్నాడు మేస్త్రి, ఏమీ తెలియక.

ముందు గదిలోంచి, దుప్పటి పక్కకి జరిపి, అత్తగారు పిలిచింది.

"అబ్బాయ్, పక్క గోదాము ఆయన వాకిట్లో నిలబడ్డాడు. చేతిలో ఏదో పాత కాగితం ఉంది. లోపలికి రమ్మననా?"